సాంబయ్య పటంలో చివరి బొమ్మ

వరంగల్ వెళ్ళొచ్చానని నోరు జారితే చాలు, వేయిస్తంభాల గుడి చూశావా, కోట చూశావా అని మొదలుపెడుతున్నారు. చూడలేదు. రామప్పకు దారి చూపించే బోర్డు కింద నిలబడి చాయ్ తాగాను, అంతే. ఐదు రోజులు ఆ చుట్టుపక్కల తిరిగి గుడీ కోటా చూడకుండా తిరిగొచ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. నేను వెళ్ళింది జానెడు బొమ్మ కోసం. అదెందుకో ముందే చెప్పేస్తాను, లేకపోతే ఈవిడకేం పిచ్చి అనుకుంటారు.

రేపల్లెలో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. ముప్పై తొమ్మిదో ఏట, పిల్లల పరీక్షల మధ్య, పీహెచ్‌డీ చేస్తున్నాను. మధ్యయుగాల సాహిత్యం, ఆనాటి సంస్కృతి నా విషయం. ఆరేళ్ళుగా నా మెడకు చుట్టుకున్నది ఒక తాళపత్ర ప్రతి. నేతవాళ్ళ కులకథ. అందులో ఒక రాజు నేతగాడి కూతుర్ని అతుకు లేకుండా వెడల్పాటి వస్త్రం నెయ్యమంటాడు. ఆ పిల్ల ఏడాదిపాటు నేస్తుంది. రాజభటులు వచ్చి గుమ్మంలో నిలబడతారు. ఆమె కత్తెర చేతికి తీసుకుంటుంది. అక్కడితో ఆకు విరిగిపోయింది. తరువాతి ఆకులు ఎవరి ఇంట పొయ్యిలోకి పోయాయో దేవుడికే తెలియాలి.

కత్తెర తీసుకుని ఏం చేసుంటుంది? భటుల కళ్ళముందే బట్టను ముక్కలు చేసిందని నా వాదన. రాజుకు ఎదురు తిరిగిన చేతిపనివాళ్ళ గొంతు అది, అంతకాలం కిందటే. అధ్యాయానికి 'కోసిన వస్త్రం' అని పేరు పెట్టాను. సెమినార్లో చదివితే చప్పట్లు కొట్టారు. మా గైడు గారు కూడా మురిసిపోయారు. కమిటీలో ఒక పెద్దాయన మాత్రం కళ్ళజోడు పైకి తోసుకుని, "ఆధారం ఏదమ్మా?" అన్నాడు. నెలాఖరులోగా ఆధారం చూపించకపోతే ఆ అధ్యాయం తీసెయ్యాలి. అది తీసేస్తే నా పరిశోధనలో మిగిలేది ముందుమాట. గడువు పొడిగించడం ఇదే ఆఖరుసారి అని కాగితం కూడా ఇచ్చారు.

అలాంటప్పుడు తెలిసింది, పరకాలలో సాంబయ్య అనే ఆయన దగ్గర ఇదే కథ బొమ్మలుగా ఉన్న పాత పటం ఉందని. ఆ వైపు నేతవాళ్ళ కథ చెప్పే కుటుంబాలు వేరే ఉన్నాయి. పొడుగాటి గుడ్డ మీద గీయించిన బొమ్మలు ఒక్కొక్కటే విప్పి చూపిస్తూ పాడతారు. పటం పాతబడితే కొత్తది రాయించుకుని, పాతదాన్ని గోదావరిలో వదిలేస్తారు. సాంబయ్యకు ఫోన్ చేస్తే, "పాత పటంతోని ఆఖరి కథ ఈ ఆదివారం చెప్తాన బిడ్డా. చూడాల్నంటే గప్పటికి రా," అన్నాడు. మా ఆయన వెంటనే టిక్కెట్టు తీసిచ్చాడు. ఆయనకూ ఈ పీహెచ్‌డీ ఎప్పుడు వదులుతుందా అని ఉంది.

కొత్తవాడ

శనివారం వరంగల్‌లో దిగాను. చేతిలో ఒక పూట ఉంది కదా అని కొత్తవాడ వెళ్ళాను. జంపఖానాలు నేసే పేట అది. ఇంటింటా మగ్గం చప్పుడు. ఇంటి ముందు నూలు చిలుపలు, అంటే నూలు కట్టలు, రంగు వేసి ఆరేసి ఉంటే, వాటి కిందనుంచి తల వంచుకుని నడవాలి. నాకు రంగు అంటింది. జాకెట్టు భుజం మీద ఆకుపచ్చ మరక ఇప్పటికీ ఉంది.

వెంకటేశం అనే ఆయన ఇంట్లో మగ్గం మీద ఉన్న జంపఖానా నచ్చింది. ఇటిక రంగు మీద నల్ల చారలు. మా ఊళ్ళో పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే ప్లాస్టిక్ చాపలు చూసి చూసి ఉన్న కళ్ళకు అది పండుగలా కనిపించింది. పన్నెండు వందలు చెప్పాడు. బేరం ఆడబోయి, ఆయన భార్య ఆ వయసులో పక్కన కూర్చుని నూలు చుట్టడం చూసి ఊరుకున్నాను.

"ఇప్పుడే ఇచ్చేయండి, పట్టుకెళ్తాను," అన్నాను.

"గిప్పుడెట్ల ఇస్తం మేడం? ఇంకా జానెడున్నది. రేపు పొద్దుగాల రాండ్రి, రేపు కోస్తం," అన్నాడు.

గుడ్డల కొట్లో కొలిచి కోసినట్టు కోస్తాడు కాబోలు అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు. ఆ మాట ఇక్కడ ఎందుకు రాస్తున్నానో చివర్లో మీకే తెలుస్తుంది.

ఆదివారం ఉదయం ఎనిమిదికే వెళ్ళాను. జానెడు అలాగే ఉంది. ఆయనకు మోకాలు పట్టేసిందట, దవాఖానకు వెళ్ళొచ్చి అప్పుడే కూర్చున్నాడు. "జర ఆగుండ్రి, గంటల అయిపోతది," అన్నాడు. గంట రెండయింది, రెండు మూడయ్యాయి. మధ్యలో వాళ్ళావిడ రెండుసార్లు చాయ్ ఇచ్చింది. నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు ఒకటుంది, ఒకసారి మనసు పడితే దాన్ని వదిలి కదలలేను. మధ్యాహ్నానికి ఇంకా నాలుగు వేళ్ళ మేర మిగిలింది. అప్పుడు కోపం వచ్చింది.

"మాట అంటే మాట ఉండాలి కదండీ! నా పని మొత్తం పాడైపోయింది," అని అరిచాను.

వెంకటేశం నొచ్చుకోలేదు. "మీది మీకే ఉంటది మేడం. వాపస్ వచ్చేటప్పుడు తీస్కపోండ్రి," అన్నాడు.

జంపఖానా లేకుండా, తిట్టిన నోటితో బయటపడ్డాను. ఆ ఉదయం నేరుగా పరకాల వెళ్ళి ఉంటే ఇక ముందు చెప్పబోయేదేదీ జరిగేది కాదు.

పరకాల

రెండు దాటాక సాంబయ్య ఇంటి ముందు నిలబడ్డాను. తాళం వేసి ఉంది. పక్కింటావిడ గిన్నె తోముతూ తల ఎత్తింది.

"సాంబయ్య తాతనా? పొద్దుగాల పది గంటలకే పాయె. ములుగు అవుతల నేతోళ్ళ ఊరు. కొత్త పటం పండుగ ఆడనేనాయె. నువ్వు యాల్ల దాటినంక వచ్చినవ్."

ఫోన్ చేస్తే అందుబాటులో లేదంటోంది. అడవి ఊరు, సిగ్నల్ ఉండదని ఆవిడే చెప్పింది. ఆఖరి కథ ఆ క్షణాన అక్కడ జరుగుతోంది. నేనిక్కడ తాళం చూస్తూ నిలబడ్డాను. జంపఖానా కోసం! అరుగు మీద కూలబడి ఏడ్చాను. సిగ్గేం లేదు, ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఆవిడ నీళ్ళిచ్చి, లోపలికి వెళ్ళి పళ్ళెంలో సర్వపిండి పెట్టుకొచ్చింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నె అడుగున అద్ది కాలుస్తారు. మధ్యలో వేలితో పొడిచిన చిల్లులుంటాయి. మా వైపు దీనికి దగ్గరగా వచ్చేది తపేలా రొట్టె, కానీ అది మెత్తన. ఇది అంచు కరకరలాడుతుంది, ఏడుపు కూడా కాసేపు ఆగిపోతుంది.

"తిను బిడ్డా. ఏడిస్తె బస్సు వస్తదా?" అంది.

ఫోన్లో సాంబయ్య 'రా' అన్నప్పటి నుంచీ ఒక సంగతి నాకు గుచ్చుకుంటూనే ఉంది. ఇక్కడ ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా నువ్వు అనేస్తారు. మా వైపు 'అండీ' లేకుండా పిలిస్తే పాలవాడితో కూడా మాట్లాడటం మానేస్తాం. కానీ ఆ అరుగు మీద, ఆ 'నువ్వు' వెనక 'బిడ్డా' ఉందని తెలిశాక, దాన్ని తప్పుపట్టాలనిపించలేదు. ఆ రాత్రికి ఆవిడ ఇంట్లోనే ఉండిపోయాను. పేరు అడగడం మరిచిపోయాను, అది ఇప్పటికీ బాధే.

ములుగు దాటాక

సోమవారం ఉదయం ములుగులో జీపెక్కాను. డ్రైవర్ యాకూబ్. పన్నెండుమంది పట్టే జీపులో పద్దెనిమిదిమందిని ఎక్కించి, నన్ను ముందు సీట్లో తన పక్కన కూర్చోబెట్టి, "ఫికర్ చెయ్యకు అక్కా, నేను నడుపుతె జీపు కాదు, రైలే," అన్నాడు. రోడ్డుకు రెండు వైపులా కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంది. ఆ ఘాటుకు జీపులో అందరం వంతులవారీగా తుమ్మాం. దారి పొడుగునా అతనికి నా కథంతా చెప్పాను.

"ఒక్క బొమ్మ కోసం గింత దూరమా?" అన్నాడు. కాస్త ఆలోచించి, "మా అమ్మీ కూడ గంతే. చార్మినార్ కాడ ఒక్క గాజుల జత చూసి మూడేండ్లు అదే ముచ్చట చెప్పింది," అన్నాడు. ఆరేళ్ళ పరిశోధనను అంత బాగా అర్థం చేసుకున్నవాళ్ళు ఇంకొకరు లేరు.

ఊరు చేరేసరికి నేతవాళ్ళ వీధిలో షామియానా కింద కొత్త పటం కథ నడుస్తోంది. సాంబయ్యకు డెబ్బై ఉంటాయి. కాళ్ళకు గజ్జెలు, చేతిలో బెత్తం. రంగులు కళ్ళు చెదిరేలా ఉన్నాయి. ఆడవాళ్ళు మధ్యమధ్యలో లేచి వెళ్ళి పొయ్యిమీద కూర కలిపొస్తున్నారు. ఇద్దరు ముసలాయనలు పటంలో ఏనుగు తొండం పొట్టిగా ఉందని గట్టిగానే వాదించుకున్నారు. రాజు వస్త్రం అడిగాడు. పిల్ల మగ్గం ఎక్కింది. నేను ముందుకు జరిగాను. అంతలో సాంబయ్య మంగళం పాడేశాడు.

పరుగెత్తి వెళ్ళాను. "తాతా, నేను రేపల్లె నుంచి ఫోన్ చేసినదాన్ని. చివరి బొమ్మ ఏది?"

"గది పాత పటంల ఉండె బిడ్డా. కొత్తదానికి గంత గుడ్డ యాడ పెడతం? కథ తగ్గిచ్చి, కురుస చేసి రాపిచ్చినం. మా నాయిన మూడొద్దులు చెప్పేటోడు. నేను ఒక్క పొద్దే చెప్తాన."

"పోనీ ఆ చివరి కథ నోటితో చెప్పండి."

సాంబయ్య నవ్వాడు. "నాయిన ఆ ముక్క చెప్పే యాల్లకు నేను నిద్రవోయేటోన్ని. నిన్న కూడ ఆడిదాక విప్పలే. నాకు ఎరుక లేదు."

పాత పటం షామియానా మూల, పసుపు గుడ్డలో చుట్టి, పీట మీద ఉంది. ఉదయమే పూజ చేసి దానిలోంచి జీవం తీసేశారట. ఇక దాన్ని విప్పేది నీళ్ళలోనే. మూడు అడుగుల దూరంలో ఉంది నా ఆధారం! అప్పుడు నేను చేసిన పనిని ఎలా చెప్పాలో తెలియడం లేదు. బ్యాగులోంచి నోట్లు తీసి, "ఒక్కసారి విప్పి చూపించండి తాతా, మీకేదో ఇచ్చుకుంటాను," అన్నాను.

సాంబయ్య మొహం తిప్పుకున్నాడు. ఒకావిడ లేచి వచ్చి నా మోచెయ్యి పట్టుకుని తన ఇంట్లోకి లాక్కెళ్ళింది. ఆవిడ పేరు లచ్చమ్మ. ఆ పండుగ పెట్టిన నేత ఇళ్ళల్లో వాళ్ళది ఒకటి. మగ్గం పోయి పాతికేళ్ళయింది, ఇప్పుడు కుట్టుమిషన్ మీద బతుకు.

"ఎంత పని చేస్తివే! కథ చెప్పేటోళ్ళు మా నేతోళ్ళ చేతికింద తప్ప ఇంకో చేతికింద చెయ్యి పెట్టరు. తాతలనాటికెళ్ళి గంతే. నువ్వు లక్ష ఇచ్చినా ముట్టరు. అందరి ముంగట అడుగుడు, పటం మీద ఉమ్మినట్టే."

నాకు తెలియనిదా? ఈ విషయం పుస్తకాల్లో చదివాను. కథ చెప్పేవాళ్ళకూ వినేవాళ్ళకూ మధ్య హక్కుల గురించి నా రెండో అధ్యాయంలో పదకొండు పేజీలు రాశాను కూడా. పదకొండు పేజీలు రాసినదాన్ని నోట్లు ఎలా తీశానో!

లచ్చమ్మ అన్నం పెట్టింది. పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు. వాళ్ళ పచ్చిపులుసులో వంకాయ ఉండదు, ఉల్లిపాయ, వేయించిన మిర్చీ పిసికి పులుసు కలిపేస్తారు. మూడుసార్లు వడ్డించుకున్నాను. తిన్నాక వెళ్ళి సాంబయ్య ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన చాలాసేపు బీడీ కాల్చుకున్నాడు.

"సదువుకున్నోళ్ళకు అన్నీ ఎరుకుండాల్నని యాడుంది తీ," అన్నాడు చివరికి. "రేపు గోదారికి రా. పటం అంచులు పట్టేటోళ్ళు కావాలె."

గోదావరి

మంగళవారం యాకూబ్ జీపులోనే అందరం కదిలాం. ఏటూరునాగారం దాటాక ఇసుక, ఇసుక చివర సన్నగా నీళ్ళు. మా వైపు కృష్ణ సముద్రంలో కలిసే చోట ఎప్పుడూ బురద రంగు. ఇక్కడ గోదావరి అడుగున రాళ్ళు కనబడేంత తేటగా ఉంది. ఫోన్ యాకూబ్‌కిచ్చి, "నేను చెప్పగానే ఫోటోలు తియ్యి, ఆగకుండా తియ్యి," అని పదిసార్లు చెప్పాను.

"నువ్వు పొడుగున్నవ్. లోపలికి నిలబడు," అని సాంబయ్య చివరి కర్ర నా చేతికిచ్చాడు. పటం మొత్తం ఆ కర్రకే చుట్టి ఉంది. ఆయన పైకొస పట్టుకుని ఒడ్డుకు నడుస్తుంటే నేను కర్ర తిప్పుతూ వదలాలి. అంచులు లచ్చమ్మ, ఇంకో ముగ్గురు పట్టుకున్నారు. మోకాళ్ళు దాటి నీళ్ళు. నా చీర కుచ్చిళ్ళు చేపపిల్లలు కొరుకుతున్నాయి.

ముప్పై మూరల పటం అది. బొమ్మ ఒక్కొక్కటే నా చేతుల్లోంచి నీళ్ళమీదికి వెళుతోంది. చెట్ల జిగురుతో కలిపిన రంగులు కదా, తడిస్తే నిలవవు. ఎరుపు ముందు పోతోంది. దాని వెంట పసుపు. నీలం మాత్రం కాసేపు పట్టుకుని ఉంటోంది. దేవతలు, గుర్రాలు, పెళ్ళి ఊరేగింపు, అన్నీ వచ్చినవి వచ్చినట్టే కరిగిపోతున్నాయి. ఎవరూ ఏడవలేదు. సాంబయ్య మాత్రం బొమ్మ బొమ్మకూ ఏదో గొణుగుతున్నాడు.

కర్ర మీద ఇక రెండు చుట్లే ఉన్నాయి. "భాయ్, ఫోటో!" అని అరిచాను. ఆఖరి చుట్టు విప్పాను.

మగ్గం. దానిమీదికి వంగిన పిల్ల. గుమ్మంలో తలపాగా మనిషి. ఆమె చేతిలో కత్తెర.

"కత్తెర ఉంది! కత్తెర ఉంది!" నీళ్ళలోనే గంతులేశాను. లచ్చమ్మ అంచు పట్టుకుని వంగి చూసింది, నవ్వింది.

"ఉండకుంటె ఎట్లనే? బట్ట అయిపోయె. కొయ్యకుంటె మగ్గం ఎట్ల ఇడుస్తది?"

"అంటే?"

"అంటే ఏంది? నేసుడైనంక, మగ్గానికి బిగిచ్చిన పడుగు పోగులు కోస్తేనే బట్ట దిగుతది. కోసే పొద్దు మా అవ్వ కత్తెరకు పసుపు పెట్టేది. ఇంట్ల పండుగ లెక్కనే. రాజుగారి మనిషి వచ్చిండు, బట్ట కోసి ఇస్తాంది. గంతే ముచ్చట."

మళ్ళీ చూశాను. ఎరుపు అప్పటికే పోయింది, నీలం గీతలు మిగిలాయి. కత్తెర బట్ట మీద లేదు. బట్ట అంచుకు అవతల, వట్టి పోగుల మీద ఉంది. నా కళ్ళతో నేను చూశాను. పది లెక్కపెట్టేలోపు అదీ పోయింది. చేతుల్లో తెల్లటి తడిగుడ్డ, ఒక వెదురు కర్ర.

"ఇడువు బిడ్డా," అన్నాడు సాంబయ్య. వదిలేశాను.

ఒడ్డుకు వచ్చాక యాకూబ్ ఫోన్ చేతిలో పెట్టాడు. "ఫోటోలు మస్తుగ వచ్చినయ్ అక్కా!" ఇరవై మూడు ఫోటోలు. అన్నిటిలో నేనే. నోరు తెరిచి, కళ్ళు పెద్దవి చేసుకుని, నా ముందు పటం. ఒడ్డు మీద నుంచి తీశాడు కదా, అన్నిటిలోనూ ఇవతల రంగు కరిగిన తడిగుడ్డే, బొమ్మ దాని చాటున ఉండిపోయింది. ఒక్క రంగు చుక్క లేదు. తిడదామనుకున్నాను. అతని మొహం చూసి, బాగున్నాయన్నాను.

తిరుగు జీపులో సిగ్నల్ రాగానే గైడు గారి ఫోన్.

"ఏమ్మా, దొరికిందా? కత్తెర ఉందా?"

"ఉందండీ. ఆ పిల్ల చేతిలోనే ఉంది."

"భేష్! నిలబడ్డాం. ఫోటో?"

"రంగు కరిగిపోయిందండీ. నేను చూశాను."

"పరిశోధకురాలు స్వయంగా చూసింది, చాలు. పటం ఎలాగూ లేదు, కాదనేవాళ్ళెవరు? అధ్యాయం పంపించెయ్."

ఆయన పెట్టేశారు. నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. చెప్పకుండా మింగిందే ఉంది. లచ్చమ్మ నా భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. ఆవిడ నా పరిశోధన ఎప్పటికీ చదవదు. సాంబయ్య చదవడు. కమిటీ పెద్దాయనకు మగ్గం తెలియదు. ఆరేళ్ళ చాకిరీ, ఆఖరి గడువు, ఇంటికెళ్తే "అయిందా?" అని అడిగే మా ఆయన. యాకూబ్ రెండుసార్లు నావైపు చూసి పాట తగ్గించాడు.

మళ్ళీ కొత్తవాడ

బుధవారం రైలుకు మూడు గంటల ముందు వెంకటేశం ఇంటికి వెళ్ళాను, తిట్టినందుకు తల వంచుకునే. జంపఖానా పూర్తయింది. కానీ మగ్గం మీదే ఉంది.

"ఇంకా కొయ్యలేదా?"

"మీరు వచ్చినంక కోద్దామని ఉంచిన. ఎవలి బట్ట వాళ్ళ ముంగట కోస్తె మంచిది." వాళ్ళావిడ లోపల్నుంచి కత్తెర తెచ్చింది. దాని పిడికి పసుపు రాసి ఉంది. నేను ఆ పసుపునే చూస్తున్నాను. వెంకటేశం నేను భయపడుతున్నాననుకున్నాడు. "కొయ్యుండ్రి మేడం. మీదే గదా. అంచు కాదు, పోగుల మీద పెట్టుండ్రి."

పోగుల మీద పెట్టాను. గట్టిగా బిగిసి ఉన్నాయి, కత్తెర కింద ఒక్కొక్కటే టప్ టప్ మంటూ తెగుతున్నాయి. సగం కోసేసరికి చెయ్యి నొప్పెట్టింది. ఇంకో సగం కోశాను. బట్ట వదులై నా ఒళ్ళోకి జారింది. వాళ్ళావిడ రెండు చేతులతో మడిచి నా చేతుల్లో పెట్టింది, ఏదో శుభకార్యానికి పెట్టినట్టు. బయటికి వచ్చి, ఆరేసిన నూలు చిలుపల కింద నిలబడి గైడు గారికి ఫోన్ చేశాను.

"సార్, మనం తప్పు చదివామండీ. ఆవిడ బట్టను కొయ్యలేదు. బట్ట అయిపోయిందని మగ్గం మీంచి కోసింది, రాజుకి ఇవ్వడానికి."

"ఎవరు చెప్పారు?"

"లచ్చమ్మ అని, నేతావిడ. ఇప్పుడే నేనూ కోసి చూశాను."

"అధ్యాయం పోతుందమ్మా. గడువు లేదు."

"పోతుందండీ."

ఆయన నిట్టూర్చి, "సరే, ముందు ఇంటికి రా," అన్నారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదేమో.

ఇదంతా జరిగి రెండు నెలలైంది. ఆ అధ్యాయం తీసేశాను. దాని స్థానంలో ఎనిమిది పేజీలు రాశాను, లచ్చమ్మ పేరు పెట్టి. కమిటీ ఇంకా ఏమీ చెప్పలేదు. మా ఆయన అడగడం మానేశాడు. మా ఇంటికి ఎవరు వచ్చినా ముందు గదిలో పరిచిన ఈ జంపఖానా చూసి మెచ్చుకుంటారు. నేత బాగుందంటారు, రంగు బాగుందంటారు. ఆ చివర దారాలేంటి, ఎలకలు కొట్టినట్టు ఎగుడుదిగుడుగా ఉన్నాయి అని కూడా అంటారు. అక్కడ కోసింది నేను.